గునుగు ముదిరేదాకా

తెలంగాణ సరిహద్దు అవతల, మరాఠీ నేల మీదున్న మా దుర్గాపూర్‌లో ఆకు పచ్చగా ఉందో లేదో తెలియాలంటే ముందు బొటనవేలితో తుడవాలి. ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క కరెంటు ఫ్యాక్టరీ. ఎండాకాలం వచ్చిందంటే మందారం, గన్నేరు, వేప అన్నీ ఒకే బూడిదరంగు బట్ట కట్టుకుని నిలబడతాయి. ఆ బూడిద కింద ఏ మొక్క ఉందో తుడవకుండా చెప్పగలిగిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు మల్లమ్మ. మా స్టాఫ్ కాలనీలో ఊడ్చేది, తోటపని చేసేది. ఇప్పుడు చేయడం లేదు. ఎందుకు చేయడం లేదో చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది తెనాలి. మా ఆయన హరిప్రసాద్ ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. మల్లమ్మది రాజురా దాటాక తెలంగాణ సరిహద్దులో ఉండే లక్కడ్‌కోట్. యాభై ఎనిమిదేళ్ల మనిషి. గంటలో అయిపోవాల్సిన ఊడ్పు ఆవిడకి రెండు గంటలు పట్టేది, మొక్క కనబడితే చీపురు ఆగిపోయేది మరి. "ఇగో, ఈ మోదుగ పూసినప్పుడే నన్ను అత్తగారింటికి బండెక్కిచ్చిండ్రమ్మా. తొవ్వంత ఎర్రగుండె. నేనేమో ఒకటే ఏడ్సుడు," అనేది. తుమ్మిపూలు చూస్తే చంటిబిడ్డ జ్వరం, ఇప్ప చెట్టు చూస్తే తమ్ముడు దేవన్నతో తెల్లారగట్ల పూలేరడం. ప్రతి కొమ్మకీ ఒక కథ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, "ముందు ఊడ్చు మల్లమ్మా," అని కసురుకునేదాన్ని. అయినా కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి వినేదాన్ని.

మూడేళ్ల కిందట వానాకాలంలో మా క్వార్టర్ వెనక మురుగుకాలవ గట్టు మీద మోకాలెత్తు మొక్కలు మొలిచాయి. "ఆ పిచ్చి మొక్కలు పీకెయ్యి, పాములొస్తాయి," అన్నాను.

మల్లమ్మ చీపురు కింద పెట్టేసింది. "పిచ్చి మొక్కలు గావు. గునుగు. బతుకమ్మకు పేర్సే పువ్వు. నేనే ఏసిన."

అప్పుడు చెప్పింది. వాళ్లకి ఊళ్లో మూడెకరాల జొన్నచేను ఉండేది. వాళ్లమ్మ బాలమ్మ కలుపు తీసేటప్పుడు చేలోని గునుగంతా పీకేసి, గట్టు మీద మాత్రం ఒక సాలు వదిలేసేదట. అది బతుకమ్మ వాటా. ఎంత కరువొచ్చినా ఆ సాలు మీద కొడవలి పడేది కాదు. తరవాత సున్నపురాయి గని వచ్చి చేను పోయింది. మిగిలిన చేలల్లో కలుపు మందు కొట్టి కొట్టి గునుగు అన్నదే లేకుండా చేశారు. చేను పోయే ముందురోజు మల్లమ్మ గట్టు మీది కంకులు దులిపి, ఆ గింజలు కొంగున కట్టుకొచ్చింది. తాను అద్దెకుంటున్న గది చుట్టూ చారెడు మట్టి కూడా లేదు, అంతా సిమెంటే. అందుకే మా కాలవ గట్టు.

"ఇప్పుడు మా చేనంటే గిదేనమ్మా," అంది. పీకమన్న మాట వెనక్కి తీసుకుని లోపలికి వచ్చేశాను.

పోయినేడు బతుకమ్మకి పది రోజుల ముందు, ముంబై నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని కాలనీ అంతా సున్నాలు, రంగులు. కూలీల మీద ముకద్దం దత్తు అని ఒకడు. నోటినిండా ఖర్రా అనే పొగాకు వక్క, చేతినిండా ఫోను. వాడొచ్చి గునుగు చూశాడు. మల్లమ్మని మావశీ, అంటే పిన్నీ అని పిలిచేవాడు.

"మావశీ, ఈ కచరా అంత సోమవారం దాకా సాఫ్ గావాలె. పెద్ద సాయిబులు వస్తుండ్రు."

"రానీ. పూలు జూస్తె వాళ్ల కండ్లు పోతయా?"

"నువ్వు కొయ్యకుంటె వేరేటోళ్లతోని కోపిస్త. నీ కామ్ కూడ పోతది, చూస్కో."

"పోతె పోనీ. చేను పోయిననాడే సావలేదు, కామ్ పోతె సస్తనా? ఇత్తు ముదిరేదాక దీన్ని ముట్టనియ్య."

సోమవారం పొద్దున్నే దత్తు నలుగురు ఆడకూలీలను వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికే మల్లమ్మ తన పని కానిచ్చేసింది. ముందు వరసలో ప్రతి మొక్క మొదలుకీ పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి పసుపుతాడు చుట్టింది. గట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. ఆ నలుగురిలో ఇద్దరు మరాఠీవాళ్లు, ఇద్దరు మనవాళ్లు. నలుగురూ కొడవళ్లు కింద పెట్టి దండం పెట్టుకున్నారు. దత్తు తిట్టాడు, బతిమాలాడు, చివరికి తనే కొడవలి అందుకున్నాడు. పసుపుతాడు దాకా వెళ్లి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, ఎవరికో ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని జారుకున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి పడీ పడీ నవ్వాను.

పెద్ద ఆఫీసర్లు వచ్చారు. కారు అద్దం కూడా దించకుండా వెళ్లిపోయారు.

ఏటా గోల్ బజార్‌లో వాడిపోయిన బంతిపూలు కొనుక్కొచ్చే మా కాలనీ ఆడవాళ్లం, ఆ ఏడు గునుగుతో బతుకమ్మ పేర్చాం. తెనాలిదాన్ని నేను కూడా పేర్చాను, వంకరగానే అనుకోండి. మల్లమ్మ సగమే కోయనిచ్చింది. మిగతా సగం, "ఇత్తుకు," అంది.

దీపావళి వెళ్లాక కాంట్రాక్టు మారింది, ముకద్దం మాత్రం దత్తే. కొత్త జాబితాలో మల్లమ్మ పేరు లేదు. నేను ఆఫీసుకి వెళ్లి గట్టిగానే అరిచాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ పనికొచ్చిన ఆఖరి రోజే దత్తు మిషను తెచ్చి, ఎండిన గునుగంతా మొదలంటా కోయించాడు. మల్లమ్మ అడ్డుపడుతుందని, ఈసారి నేనూ పక్కన నిలబడాలని చెప్పులేసుకుని పరిగెత్తాను.

ఆవిడ అడ్డుపడలేదు. తనే మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని నర్సరీలో ఎరువు గుంత దాకా ఐదు విడతలు మోసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంత గొడవ చేసింది చివరికి నీ చేత్తో పెంటలో పారెయ్యడానికా?"

"నేను మొయ్యకుంటె ఎవ్వలు మోస్తరమ్మా?" అంది. ఆఖరి మోపు గుంతలో దులిపి, దత్తు వైపు తిరిగి, "మంచిగ కలుపు బిడ్డా. కాలనీ అంతటికి సరిపోవాలె," అంది. ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. ఓడిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఏడ్చాను కూడా.

ఈ జూన్‌లో ఆ ఎరువంతా కాలనీలో పంచారు. క్లబ్బు ముందు లాన్‌కి, గెస్ట్‌హౌస్‌కి, పెద్ద ఇంజనీరు బంగళాకి, గేటు దగ్గర గులాబీ మడులకి. రెండు వానలు పడ్డాయి. జులై మూడో వారానికి గులాబీల మధ్య గునుగు, లాన్ నిండా గునుగు, జెండా కర్ర చుట్టూ గునుగు. పీకితే నాలుగు రోజుల్లో మళ్లీ పది. నేను రోడ్డు మీద ఒక్కదాన్నే నడుస్తూ, కనబడిన ప్రతి మొలకనీ బొటనవేలితో తుడిచి చూసుకున్నాను.

నిన్న దత్తు మా ఇంటికి వచ్చాడు. "మేడం, మా కూలీలు ఏది గులాబి పిలక, ఏది గునుగు తెల్వక అన్ని పీకేస్తుండ్రు. సాహెబ్ నా మీద గరం అయితుండు. మావశీని జర రమ్మను. పర్మనెంటు జాబితల పేరు ఎక్కిపిస్త."

మల్లమ్మకి ఫోను చేసి, వాడు వినేలా స్పీకరు పెట్టాను. విషయమంతా చెప్పాను. అవతలి నుంచి గొంతు నింపాదిగా వచ్చింది.

"వస్తనని చెప్పమ్మా. బతుకమ్మ ఎల్లినంక, ఇత్తు ముదిరినంక వస్త."