ముర్నియాతి స్కానరెక్కిన చేపల బజారు

జావా ఉత్తర తీరంలో మా చేపల బజారు మొగలోనే ముర్నియాతి జిరాక్సు కొట్టు. చెప్పుల ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డాక, స్కూలు సామాను వేలంలో ఓ పాత స్కానరు తెచ్చుకుని నిలదొక్కుకున్న మనిషి. కుటుంబ కార్డు స్కాన్ చేయించుకుందామని వెళ్తే చాలు, పాఠం మొదలెట్టేది.

"గాజు కింద దీపం చీపురులా గీత గీతా ఊడ్చుకుంటూ పోతుంది వదినా. తెలుపు వెలుగును వెనక్కి కొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఎంత తిరిగొచ్చిందో కింద కన్ను కొలిచి అంకెలేస్తుంది. కంప్యూటరుకు అందేవి ఆ అంకెలే."

"మరి నా మొహం పెడితే?" అనేది చేపల కస్మినా.

"అంకెలు చాలవు."

ఆ ఏడు పట్టణ కార్యాలయం మా బజారు ఎత్తేసి కార్లు నిలిపే చోటు చేస్తానంది. మమ్మల్ని ఊరి బయటికి పొమ్మంది, చేప కొనేవాడెవడూ రాని చోటికి. మేం మా పద్ధతిలో తెల్లగుడ్డ పరిచి, బజారు ఎత్తొద్దంటూ సంతకాలు పెట్టించాం. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. గుడ్డ నిండినా జనం ఆగలేదు, తిరగేసి వెనకవైపూ రాసేశారు. కార్యాలయానికి ఊరేగింపుగా పట్టుకెళ్తే అక్కడి గుమస్తా ముక్కు మూసుకున్నాడు.

"అభ్యంతరాలన్నీ ఆన్‌లైన్లోనే. స్కాన్ చేసి మధ్యాహ్నంలోగా పంపండి. పేర్లు చదవడానికి రావాలి."

ఎదురుగా నిలబడ్డ మనుషులు కనబడరు, వాళ్ళ బొమ్మ కావాలి. మన పాలన ఇలాగే ఏడుస్తుంది.

స్కానరు గాజు కాగితమంత, గుడ్డేమో వీధంత. ముక్క ముక్కగా జరుపుతూ మూత వేసి మీట నొక్కితే తెర మీద అంతా కలగాపులగం. వెనక రాసినవి ముందుకొచ్చేశాయి.

"ఇదేంటే, నా పేరు నెత్తిన నీ బొటనవేలు?" అంది సోయా గింజల టెంపే అట్లు అమ్మే రుకియెమ్.

"నీ పేరు ఎగిరిపోకుండా అదిమి పెట్టానక్కా," అంది కస్మినా.

ముర్నియాతి వెలుగు పెంచి చూసింది. పేర్లన్నీ మాయమయ్యాయి. తగ్గించింది. బురదైంది. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. గుడ్డ జరపడానికి మూత ఎత్తిందో లేదో, ఉప్పుచేప వాసనకి బజారు నల్లపిల్లి ఎగిరొచ్చి గుడ్డ మీద బైఠాయించింది. కంగారులో ముర్నియాతి చెయ్యి మీట మీద పడింది.

తెర మీద పిల్లి కూర్చున్న మేర పేర్లు ముత్యాల్లా ఉన్నాయి, గుడ్డ అంచు దాటి దాని తోకా పడింది. చుట్టూ పైనుంచి పగటి వెలుగు దూరి మళ్ళీ బురదే.

ముర్నియాతి పిల్లిని చూసింది, తెరను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

"మూత లోపల తెలుపు కదే. గుడ్డ దాటిన వెలుగు దానికి తగిలి, వెనకవైపు సిరాను కూడా మోసుకుని తిరిగొస్తోంది. పిల్లి నలుపు, వెలుగును మింగేసింది. మీ దగ్గర నల్లటిదేదైనా ఉంటే ఇవ్వండి."

చేపలు కట్టిచ్చే నల్ల సంచులు మా దగ్గర కొల్లలు. కస్మినా ఒకటి చీల్చి మూత లోపల అతికించింది. ఇక చూడాలి మా సంబరం. కొట్టుకి అటు సగం మంది, ఇటు సగం మంది నిలబడి వల లాగినట్టు కూత పెట్టుకుంటూ గుడ్డ లాగాం. దీపం ఊడ్చింది, పేర్లు వచ్చాయి. చివరికొచ్చాక తిరగేసి మళ్ళీ లాగాం. రుకియెమ్ నవ్వలేక నేల మీద కూలబడింది. ముర్నియాతి పిల్లి పడ్డ ముక్కతో సహా అన్నిటినీ ఒకటిగా కూర్చి పంపింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అభ్యంతరం అందిందని వచ్చింది. కొట్టు దద్దరిల్లింది.

సాయంత్రం గుమస్తా ఫోన్ చేశాడు. "ఓ పేజీలో నల్లగా బొచ్చులా ఏముందండీ?"

"మా బజారోడేనండీ, సంతకం రాదు," అంది ముర్నియాతి.

అతను గొంతు సవరించుకున్నాడు. విచారణ జరిగేదాకా బజారు కదలదట. కానీ హాలు చిన్నదట, నలుగురొస్తే చాలట.

కస్మినా ఫోను లాక్కుంది. "పేర్లన్నీ చదవడానికి వచ్చాయి కదా సారూ. ఇంక నలుగురేంటి? హాలు చాలకపోతే కుర్చీలు మీరే ఇక్కడికి తెచ్చుకోండి. చేపల బల్లలు మేం కడిగి ఉంచుతాం."