పావురాలకు కొత్త గూళ్లు

మొన్న చెక్కపొట్టు వాసనకు నిర్మల్‌లోని మా ఇల్లు గుర్తొచ్చింది. బాపు కొయ్యబొమ్మలు చేసేవాడు, నేను పావురాలు పెంచేదాన్ని. వాటిలో నల్లపోతు ఒకటి మిగతావాటిని రెక్కలతో కొట్టి, ముక్కుతో పొడిచి గూళ్లలోకి రానిచ్చేది కాదు. ఒకరోజు తెల్లపెట్ట మెడ నెత్తురైంది. నల్లదాని మీద పిచ్చి కోపమొచ్చి, "దీన్ని ఎవరికన్న ఇచ్చెయ్ బాపూ, ఇది చెడ్డది," అని ఏడ్చాను.

"చెడ్డది కాదు బిడ్డా. ఆరు జంటలకు నాలుగే గూళ్లున్నయి. జాగ సాలక కొట్లాడుతున్నయి," అన్నాడు బాపు.

బొమ్మల పని ఆపి, సాయంత్రానికల్లా ఎదురు గోడకు ఇంకో నాలుగు గూళ్లు బిగించాడు. నల్లపోతు ఒకదాంట్లో మెడ ఉబ్బించి కూర్చుంది. మిగతావి జంటకో గూడు చూసుకున్నాయి. నేను గంతులేశాను.

"మనం ఆరుగురం ఒక్క అర్రల పంటున్నం, పావురాలకు ఎనిమిది అర్రలైనయి," అని అవ్వ నవ్వింది.

ఆ ఒక్క గదిలో పిల్లలం చాప కోసం రోజూ కొట్టుకున్నా, బాపు మాలో ఎవరినీ తిట్టలేదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.