పూజిత కోసం ప్రార్థన

లీదియాకు సీరియళ్ళ పిచ్చి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పిచ్చీ లేదు, పాడూ లేదు. ఆమె చూసేది ఒకే ఒక్క సీరియల్, అదీ మా ఇంట్లో, తలుపు దగ్గరగా వేసి. వాళ్ళింట్లో టీవీ లేదు. భర్త నారయ్య చర్చిలో సంఘపెద్ద. టీవీ వస్తే దాని వెనకాలే సైతాను వస్తాడని ఆయన నమ్మకం. ఇబ్రహీంపట్నం చుట్టూ వెంచర్లు లేచినప్పటి నుంచి మేస్త్రీ పనికి తెల్లారి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరతాడు. ఆ లోపు లీదియా అన్నం వార్చి మా గుమ్మంలో వాలుతుంది.

ఆ సీరియల్లో ఇల్లు చూడాలి! తండ్రి గుళ్ళో పూజారి. తల్లి ప్రతి గురువారం దర్గాకు పోతుంది. కొడుకు దేవుడే లేడంటాడు. నాయనమ్మ ముగ్గురినీ తిట్టి, ముగ్గురికీ ప్రసాదం పెడుతుంది. వాళ్ళు ఒకే చాప మీద కూర్చుని పోట్లాడుకుంటూ తింటుంటే లీదియా కడుపుబ్బ నవ్వేది. "గిసుంటి ఇల్లు ఎక్కడన్న ఉంటదా అక్కా?" అని అడిగేది. అడిగాక మాత్రం నవ్వేది కాదు.

ఎందుకంటే ఆమె కూతురు కృపారాణి, కొంగరకలాన్ ఫ్యాక్టరీలో తనతో పనిచేసే రమాకాంత్‌ను చేసుకుంది. హిందువుల అబ్బాయి. నారయ్య ఆ రోజే గడప తొక్కొద్దన్నాడు. ఇప్పుడు పిల్లకు నెలలు నిండుతున్నాయి, మహేశ్వరంలో అద్దె గదిలో ఉంటోంది. తొలి కాన్పుకు తల్లిగారింటికి రావద్దా? లీదియా పాత చీరలు చింపి, ఉతికి, పొత్తిగుడ్డలు చేసి మా బీరువాలో దాచింది. తన ఇంట్లో దాచే ధైర్యం లేదు మరి.

ఇంతలో సీరియల్లోనూ అదే గోల. పూజారి కూతురు పూజిత చర్చిలో డోలు వాయించే కుర్రాణ్ణి చేసుకుంది. అందరినీ భరించిన ఆ తండ్రి దీన్ని మాత్రం భరించలేక వెళ్ళగొట్టాడు. శుక్రవారం నాడు పూజితను లారీ గుద్దింది. లీదియా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, ఆ ముఖంతోనే ఇంటికి పోయింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక.

మా రెండిళ్ళకూ మధ్య పిట్టగోడే. నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. పాటలయ్యాక పాస్టరు, "ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పుండ్రి" అన్నాడు. లీదియా లేచింది.

"ఒక ఆడపిల్ల ఉన్నదయ్యగారూ, పూజిత అని. ఇష్టపడ్డోన్ని చేసుకున్నదని తండ్రి ఎల్లగొట్టిండు. దవాఖానల చావుబతుకుల ఉన్నది. తండ్రి సూడనీకె వస్తలేడు."

నా చేతిలో చాట జారింది. ఓసి నీ ఇల్లు బంగారం కానూ, సీరియల్ పిల్ల గదే! ఆమెకు మాట బయటపడ్డాకే తెలిసినట్టుంది, నిలబడ్డచోటే బిగుసుకుపోయింది. అప్పటికే జనం మోకాళ్ళ మీద ఉన్నారు. అందరికంటే గట్టిగా వినిపించింది నారయ్య గొంతే.

"ప్రభువా, ఆ తండ్రి రాతి గుండె మెత్తగ చెయ్యి! కన్నబిడ్డ ఏడుపు ఇనపడని చెవులు ఎందుకు నాయనా!"

ఏడ్చాడు కూడా. తలెత్తి ఆయన ముఖం చూసే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

మర్నాడు నారయ్య పని నుంచి పెందలాడే వచ్చి, తెల్లచొక్కా వేసుకుని బండి స్టార్ట్ చేశాడు.

"ఏమే, ఏ దవాఖాననో చెప్పు. ఆ తండ్రితోని నేను మాట్లాడ్త."

లీదియా ముఖంలో రక్తం లేదు. నిజం తెలిస్తే సీరియల్ పోతుంది, సంఘంలో పరువు పోతుంది. అవి పోతే పోయె. అవమానంతో ఆయన ఇంకా బిగుసుకుంటే కృపారాణికి ఈ ఇల్లు ఇక లేనట్టే. నేను ఆగలేకపోయాను.

"ఆ పిల్లను ఇంటికి పంపిండ్రట తమ్మీ, పానం మంచిగనే ఉన్నదట..."

"వద్దక్కా." లీదియా నా మాట తుంచేసింది. "పూజిత టీవీల పిల్ల. అనంతమ్మక్క ఇంట్ల రోజూ చూస్తున్న."

బండి ఆగింది.

"బొమ్మ కోసం నాతోని ప్రార్థన చేపిచ్చినవా?" ఆయన బండి దిగాడు. "సంఘం ముంగట నన్ను ఏడిపిచ్చినవా?"

"నేనేడ ఏడిపిచ్చిన? నువ్వే ఏడ్చినవ్. బొమ్మకేడ్చినవ్, బిడ్డకు ఏడ్వకపోతివి."

కొడతాడనుకున్నాను. కొడితే నేను ఊరుకునేదాన్ని కాను, చీపురు నా చేతికందే దూరంలోనే ఉంది. అంతలో మా ఇంట్లోంచి సీరియల్ పాట మొదలైంది. నారయ్య అటు తిరిగాడు.

"ఏడి ఆ తండ్రి? చూపియ్."

చెప్పులు కూడా విడవకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు. మేమిద్దరం ఆయన వెనకే చేరాం. తెర మీద పూజారి దవాఖానకు వచ్చాడు. కూతురి గది తలుపు మీద చెయ్యి వేశాడు. నెట్టలేదు. చెయ్యి తీసేసి వెనక్కి తిరిగాడు.

"థూ! ఏం మనిషిరా నువ్వు!" నారయ్య తెరను తిట్టాడు. "గంత దూరం పోయినోనివి, తలుపు తియ్యనీకె ఏమొచ్చింది నీకు?"

అని ఆగిపోయాడు. ప్రకటనలు మొదలయ్యాయి. సబ్బూ, టీపొడీ, ఏవేవో వచ్చి పోయాయి. ఆయన కదల్లేదు. తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకుని, లీదియా వైపు చూడకుండానే అన్నాడు.

"మహేశ్వరంల ఇల్లు నీకెరుకేనా?"

"ఎరుకే."

"బండెక్కు."

నేను బీరువా తీసి పొత్తిగుడ్డల మూట ఆమె ఒళ్ళో పడేశాను. అది ఏమిటని నారయ్య అడగలేదు. బండి సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. టీవీలో ఆ తండ్రి ఇంకా తలుపు బయటే ఉన్నాడు.