చేపలామె కార్డు మీద నేను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్ళైన కొత్తలోనే మా ఆయన ఆ సంగతి కనిపెట్టేశాడు. నా జీవితంలో చేసిన పెద్ద తప్పు కూడా కోపంలోనే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. భయంతో చేశాను. కోపమైతే నలుగురిలో అరిచి చెప్పుకోవచ్చు. భయం అలా కాదు, ఎవరికి చెప్పుకోవాలన్నా మొహం చెల్లదు.

తొంభైల చివర్లో మాట. మాది గోదావరి జిల్లా. మా ఆయనకి విశాఖ పోర్టులో క్రేన్ మీద ఉద్యోగం వచ్చాక పోర్టు క్వార్టర్స్‌కి వచ్చేశాం. ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రం తీసేసరికి వాటి మీద బొగ్గు నుసి వేళ్ళకి అంటుకునేది. పిల్లలు బడికి వెళ్ళిపోయాక రోజంతా ఏం తోచేది కాదు. అప్పుడే హార్బరు పక్కన మత్స్యకారుల కాలనీల్లో ఒక పరిశోధన మొదలైంది. ఆడవాళ్ళకి గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌ని ముదరకముందే పట్టుకోవడం ఎలాగో తెలుసుకునే పని అది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసి, కార్డులిచ్చి, ఆడవాళ్ళని పరీక్షకి తీసుకొచ్చే మనుషులు కావాలన్నారు. ఇంటరు చదివాను కదా, చేరిపోయాను. కాలనీలో అందరూ ఆ పరిశోధనని సర్వే అనేవారు. నేను సర్వే అమ్మని.

పరీక్ష చిన్నదే. ఆదివారం పూట కాలనీ బడిలో ఒక గదికి తెరలు కట్టి బల్ల వేసేవారు. నర్సు దూదిని పల్చటి వెనిగర్‌లో ముంచి ముఖద్వారానికి అద్దేది. అద్ది ఒక్క నిమిషం ఆగేది. బాగున్న చోట ఏ మార్పూ ఉండదు, తేడా ఉన్న చోట తెల్లగా మచ్చ తేలుతుంది. "మచ్చ తేలినంత మాత్రాన క్యాన్సర్ కాదమ్మా, అది ముదరడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా చల్లటి గ్యాస్ పెట్టి మాడ్చేస్తారు, పోతుంది" అని గుమ్మం గుమ్మానికీ వల్లించేదాన్ని. "ఒక్క నిమిషం. కళ్ళు మూసుకుని అరవై లెక్కపెట్టుకో, అయిపోతుంది" అని ధైర్యం చెప్పేదాన్ని. నేను మాత్రం ఏనాడూ ఆ బల్ల ఎక్కలేదు. మా క్వార్టర్స్ ఆ లిస్టులో లేవు. లేకపోవడమే మంచిదనుకునేదాన్ని, దాచుకోవడం దేనికి.

ఆ ఏడాదే నాకు నెల మధ్యలో మరకలు కనబడటం మొదలైంది. మొదటిసారి ఎండవేడి అనుకున్నాను. రెండోసారి అలసట అనుకున్నాను. మూడోసారి ఏమనుకోవాలో తెలియక స్నానాల గదిలో కూలబడిపోయాను. పదిమందికీ చెప్పేదాన్ని, అన్నీ తెలిసినదాన్ని! ఆ తెలియడమే నా ప్రాణం తోడేసింది. మా ఆయనతో చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె కూడా నా లిస్టులోనే ఉండేది. ఇంచుమించు నా ఈడే. "సేపలోయ్ సేపలూ" అని వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో కుక్క లేచేది. తట్ట దింపి, మా మెట్టు మీద చతికిలబడి, వంజరాలు చూపిస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. బేరమాడితే "నీ నోటికి జడిసి ఇత్తన్నాను తల్లీ" అని నవ్వేది. కార్డు తీసుకున్నప్పుడు తప్పకుండా వస్తానంది. మూడు ఆదివారాలు పోయాయి, రాలేదు.

"ఏమే, ఇదేనా నీ మాట?" అని నిలదీశాను.

"ఏటి సెయ్యమంటావమ్మా, బోటు ఏటకెళ్ళింది. మొగోడు నీటి మీదున్నంతసేపూ మా ఒంటి మీద పరాయోళ్ళ సెయ్యి పడకూడదు. తలకి నూనె కూడా రాసుకోం. మా అత్తకి తెలిస్తే సంపేత్తది."

వాళ్ళింటి కట్టుబాటు అది. బోటు వేటకి వెళ్ళిందంటే పది పన్నెండు రోజులు తిరిగి రాదు. వచ్చిన రెండు రోజులకే మళ్ళీ వెళ్ళిపోతుంది.

"మీ ఆయన గట్టు మీదుండే ఆదివారం ఎప్పుడో చెప్పు, క్యాంపు ఆ రోజే పెట్టిస్తాను" అని కసిరాను.

"ఎటకారం ఆడకమ్మా. ఈపాలి బోటొచ్చేక వత్తాను, నీ మీదొట్టు."

వాళ్ళ వీధికి ఆఖరి క్యాంపు రోజు రానే వచ్చింది. ఆమె రాలేదు. మా సూపర్‌వైజర్ మేడమ్ పొద్దున్నే రిజిస్టరు చూసి "నీ వీధిలో ఈ ఒక్క గడీ ఖాళీగా ఉంది, సాయంత్రానికి నిండాలి" అని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఆమె కార్డు. బల్ల దగ్గర ఆ రోజు కొత్త నర్సు, నా మొహం ఎరగదు. మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. ఆ కార్డు పట్టుకుని తెర లోపలికి నడిచాను.

గడి నింపడానికే వెళ్ళానని ఆ క్షణంలో నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ కడుపులో ఉన్నది వేరే. ఈ పరీక్ష ఎలాగైనా చేయించుకోవాలి, నా పేరు మాత్రం బయటికి రాకూడదు. పేరు నాది కాకపోతే రోగం కూడా నాది కాదనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇంత వెర్రిదాన్ని ఎలా అయ్యానో!

బల్ల చల్లగా ఉంది. కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నర్సు అంతవరకూ ఏదో కబురు చెబుతోంది, ఎండల గురించి, బస్సుల గురించి. నేను నలభైకి వచ్చేసరికి ఆమె మాట ఆగిపోయింది. లైటు కొంచెం జరిపింది. అరవై తర్వాత కూడా లెక్కపెడుతూనే ఉన్నాను.

"మచ్చ ఉందమ్మా" అంది నర్సు, చేపలామె పేరు పెట్టి నన్ను పిలిచి. "కంగారు పడకు. మంగళవారం పెద్దాసుపత్రికి రా, చిన్న ముక్క తీసి చూస్తారు."

చీటీ రాసిచ్చింది. దాని మీద ఆమె పేరు, ఆమె నంబరు. ఇంటికెలా వచ్చానో గుర్తులేదు. చారులో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన అన్నాడు. చీటీని బియ్యం డబ్బాలో అడుగున దాచాను. మంగళవారం వచ్చింది. ఏ పేరుతో వెళ్ళాలి? ఆమె పేరుతో వెళితే కోసేది నన్నే కదా, నా పేరుతో వెళితే ఉద్యోగం ఊడుతుంది, నలుగురిలో పరువు పోతుంది. వెళ్ళలేదు. ఇంకో మంగళవారం కూడా పోయింది. పిల్లలకి జడలు వేస్తుంటే, వీళ్ళకి వచ్చే ఏడు జడలెవరు వేస్తారా అనిపించి వేళ్ళు ఆగిపోయేవి. సింహాద్రి అప్పన్నా, నువ్వే దిక్కు అని మొక్కుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

మచ్చ తేలినవాళ్ళు ఆసుపత్రికి రాకపోతే వాళ్ళ ఇంటికి మనిషిని పంపే పద్ధతి మాకు ఉంది. ఆ పద్ధతి నాకు తెలుసు. భయంలో ఆ మాటే మరిచిపోయాను.

బుధవారం పొద్దున్న చేపలామె కేక వెయ్యకుండా వచ్చింది. తట్ట ఖాళీ. మెట్టు మీద కూర్చోలేదు, పడింది.

"అమ్మా, ఆసుపత్రోళ్ళు మా ఇంటికొచ్చేరు. నాకు కేన్సరు మచ్చుందంట. మా అత్త ముందే సెప్పేరు, వీధంతా ఇన్నాది. నాను రానే నేదు కదమ్మా! నన్ను ముట్టుకోకుండానే నాకు రోగమని ఎలా సెప్పేరు? మూణ్ణాళ్ళయి ముద్ద దిగడం నేదు. నా పిల్లలేటైపోతారమ్మా?"

నా భయం అక్షరం పొల్లు పోకుండా ఆమె నోట్లోంచి వస్తోంది. అప్పుడు చెప్పాను. ఆ రోగం నీది కాదే, నాది, నీ కార్డు పట్టుకుని నేను పడుకున్నాను అని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"నా పేరెట్టుకుని పడుకున్నావా? నా మొగుడు నీటి మీదుండగా?"

"తప్పైపోయిందే..."

"నీ రోగం నా పేర రాయిత్తావా! ఆడికేటైనా అయితే నువ్వు తెత్తావా? ఇంక నీ గుమ్మం తొక్కను. ఆ సర్వే మాట నా కాడ ఎత్తకు." తట్ట తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. తిట్టలేదు. నేలమీద కూర్చుండిపోయి "పిచ్చిదానా, నాతో చెప్పడానికేం?" అన్నాడు. ఆ మాటకి నాకు దుఃఖం కట్టలు తెంచుకుంది. మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. ఆవిడ ఎర్ర పెన్ను తీసి రిజిస్టరులో చేపలామె నంబరు మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఈ నంబరు పాడైపోయింది. ఇక ఆమెని లెక్కలోకి తీసుకోలేం."

"కొత్త కార్డివ్వండి మేడమ్. ఆమె తప్పేముంది?"

"లిస్టు మూసేశాం. కావాలంటే ఆమె తనంతట తానే పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకోవచ్చు."

తనంతట తాను వెళుతుందా ఆమె! ఇల్లిల్లూ తిరిగి గెడ్డం పట్టుకుని బతిమాలితే గానీ రాని మనుషులనే కదా నన్ను పెట్టుకున్నారు. నా ఉద్యోగం పోయింది, పోవలసిందే. దాని గురించి నేనేనాడూ బాధపడలేదు.

నా సొంత పేరు మీద నాకు ముక్క తీశారు. జవాబు వచ్చేదాకా పడిన నరకం చెప్పలేను. క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ అన్నారు. చల్లటి గ్యాస్ పెట్టి మాడ్చారు. ఏడాదికోసారి చూపించుకున్నాను, మళ్ళీ రాలేదు. కొండెక్కి మొక్కు తీర్చుకుని వచ్చాను. నేను బతికిపోయాను.

చేపలామె కోసం కాలనీకి రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి వాళ్ళ అత్త తలుపేసేసింది. ఇంకోసారి చేపలామే బయటికొచ్చి, "నాను బాగానే ఉన్నాను, ఎళ్ళమ్మా" అంది. మూడోసారి వెళ్ళలేదు. సిగ్గనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గు మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆమె మా వీధికి రావడం మానలేదు. మా ఇంటి ముందు మాత్రం ఆగేది కాదు. "సేపలోయ్ సేపలూ" అని పక్క సందులో వినబడితే హమ్మయ్య అనుకునేదాన్ని. వినబడని రోజు ఏ పనీ చేతికి వచ్చేది కాదు. ఆ మచ్చ ముదరడానికి ఏళ్ళు పడుతుందని ఊరందరికీ చెప్పినదాన్ని నేనే. ఆ ఏళ్ళు నా కళ్ళముందే ఒక్కొక్కటీ గడిచిపోయాయి. పిల్లలు పెద్దవాళ్ళై ద్వారకా నగర్ కోచింగులకి వెళ్ళే రోజులొచ్చాయి. ఒక వేసవిలో కేక పూర్తిగా ఆగిపోయింది. నెల దాటింది.

ఒకరోజు పదకొండు గంటల వేళ గేటు బయట ఎవరో నిలబడి ఉన్నారు. తట్ట లేదు. చీర భుజాల మీద వేలాడుతోంది. లోపలికి రావే అన్నాను. రాలేదు. గుమ్మం తొక్కనన్న మాట ఆమె మరిచిపోలేదు. నేనే పరుగెత్తుకు వెళ్ళాను.

"అమ్మా, నువ్వు నా పేరెట్టుకుని పడుకున్నావు సూడు, ఆ బల్ల ఇంకా ఉందా?"

"ఏమయిందే?"

"రగతం ఆగడం నేదు. సాన్నాళ్ళయింది. మా అత్త పోయింది, ఇంక ఆపేవోళ్ళు నేరు."

"మీ ఆయనో?"

"ఏటకెళ్ళేడు."

మొగుడు నీటి మీద ఉండగా వచ్చేసింది! ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. చీటీ రాసే చోట పేరు అడిగారు. ఈసారి ఆమె పేరు ఆమె కోసమే చెప్పాను. లోపల నర్సు నన్ను బయట ఉండమంది. చేపలామె నా చెయ్యి వదలకపోతే నర్సే సరే ఉండమంది.

"ఏటి సేత్తారమ్మా?"

"దూదితో అద్దుతారు. ఒక్క నిమిషం ఆగుతారు. కళ్ళు మూసుకుని అరవై లెక్కపెట్టుకో."

"అరవయ్యంటే పదిహేను పుంజీలు." చేపలు నాలుగేసి చొప్పున లెక్కపెట్టి అమ్మిన మనిషి. కళ్ళు మూసుకుంది. "ఒక పుంజీ... రెండు పుంజీలు..."

నర్సు దూది ముంచింది. లైటు తిప్పి చూసింది. దూదిని అద్దలేదు, అద్దకుండానే కనబడుతోంది కాబోలు. అలాగే ట్రేలో పెట్టేసి, నా వైపు చూడకుండా డాక్టరు కోసం బయటికి వెళ్ళింది.

చేపలామె లెక్క ఆపలేదు. పదిహేనుకి వచ్చి కళ్ళు మూసుకునే అడిగింది. "అయిపోయిందా అమ్మా?"

"ఇంకా మొదలుపెట్టలేదే, మళ్ళీ లెక్కపెట్టు" అన్నాను.

నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.