చేతికి తెలియని వేడి

పుంగనూరు నుంచి కుప్పం దాకా ఎక్కడ పాత మిషను మొరాయించినా ముందు ఎలక్ట్రీషియన్ ఉమాపతికే ఫోను పోతుంది. ఇప్పటి మిషన్లకు ఒంట్లో బాగాలేకపోతే ఆ సంగతి తెర మీదే పడుతుంది. పాతికేళ్ల నాటి ఎక్స్‌కవేటరుకు ఆ వైభోగం ఎక్కడిది? దాని రోగం దానికి తెలియాలి, లేదా ఉమాపతికి తెలియాలి.

ఆయన పద్ధతి వేరు. తాళం తిప్పమని చెప్పి, ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు గింజుకుంటున్నంతసేపూ వైర్ల అతుకుల మీద ఒక్కొక్కటిగా వేళ్లు ఆనిస్తాడు. అతుకు సరిగా లేనిచోట కరెంటు నలిగి వేడి పుడుతుంది. ఆ వేడి దొరికిందంటే రోగం దొరికినట్టే. "కరెంటు అబద్ధం ఆడదు, ఆడేది ఆపరేటరే" అని ఎగతాళి చేసేవాడు. నలభై ఏళ్లుగా ఆ వేళ్లే ఆయన చదువు, ఆయన పేరు.

ఆ వేళ్లు ఆరు నెలలుగా మొద్దుబారుతున్నాయి. పాత షుగరు కాళ్ల నుంచి చేతులకు ఎక్కింది. పోయిన స్పర్శ మళ్లీ రాకపోవచ్చని మదనపల్లెలో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇంట్లో భార్య చంద్రికకు కూడా చెప్పలేదు. చొక్కా గుండీలతో ఆయన తంటాలు పడుతుంటే చూసి, "ముసిలోడివి అయిపోతాండావు" అని ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఈ వేళ్లు పోతే తనెవరు అన్న భయం మాత్రం అన్నం ముందు కూర్చున్నా వదిలేది కాదు.

ఆయుధ పూజ అయిన మూడో రోజు శాంతిపురం దగ్గరి గ్రానైటు క్వారీ నుంచి ఆపరేటరు వినోద్ పిలిచాడు. ఎక్స్‌కవేటరు కొత్త పెళ్లికూతురిలా పసుపు రంగులో మెరిసిపోతోంది. లైట్లు వెలుగుతున్నాయి, తాళం తిప్పితే మాత్రం టక్కుమని ఆగిపోతోంది.

"బ్యాటరీ మార్చినాం. సెల్ఫ్ కూడా నిన్ననే విప్పి కుప్పంలో సూపించినామన్నా. బాగుండాదన్నారు."

వినోద్ తాళం తిప్పుతుంటే ఉమాపతి వరసగా అతుకులన్నీ పట్టుకుని చూశాడు. ఎక్కడా వేడి లేదు. "అన్నీ సల్లగానే ఉండాయి. సెల్ఫే పోయుండాది, మళ్లీ విప్పప్పా."

"నిన్ననే సూసినారు కదన్నా!"

"అయితే ఇంకోసారి తిప్పు. ఆపొద్దు."

వినోద్ తాళం తిప్పి పట్టుకున్నాడు. బ్యాటరీ నుంచి చట్రానికి పోయే ఎర్తు వైరు అతుకు మీద ఉమాపతి చెయ్యి ఉంది. కమురు వాసన వచ్చింది. వినోద్ కిందికి తొంగి చూసి కేక పెట్టాడు.

"అన్నా, చెయ్యి తియ్! కాలతాండాది!"

ఉమాపతి చెయ్యి వంక చూసుకున్నాడు. రెండు వేళ్ల కొసలు తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి.

రోగం అక్కడే ఉంది. పూజకు రంగు వేస్తూ వినోద్ ఆ వైరు విప్పాడు. చట్రానికి భక్తిగా రెండు పూతలు వేసి, ఆ రంగు మీదే మళ్లీ బిగించాడు. ఇనుమూ ఇనుమూ సరిగా తాకకపోతే కరెంటు నలిగి వేడెక్కదా? చిన్నపిల్లాడికి కూడా అందవలసిన ఆ వేడి ఉమాపతికి అందలేదు.

ఆయన రంగు గీకి, బోల్టు బిగించాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"నేను తాళం తిప్పుతా. నువ్వు ఈడ పట్టుకొని సెప్పప్పా, వేడిగా ఉండాదా?"

"సల్లగా ఉండాదన్నా."

"బాగా సూడు."

"సల్లగానే ఉండాది."

ఇంజను అందుకుంది. క్వారీలో వాళ్లు ఈలలు వేశారు. వినోద్ సంబరంగా మిషను ఎక్కి రాళ్ల వైపు కదిలించాడు. ఉమాపతి ఒక బండ మీద కూర్చుని, కాలిన వేళ్లను రెండో చేత్తో గట్టిగా నొక్కాడు. నొప్పి వస్తుందేమోనని కాసేపు చూశాడు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.