కళ్ళజోడు పెట్టుకున్న నల్లబొమ్మ

నా చిన్నప్పుడు నవరాత్రులంటే నాకు వణుకు. మద్రాసులో పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఇంటింటా బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. ఏ ఇంటికి వెళ్ళినా ఆడపిల్ల ఒక పాట పాడాలి, ఆ తర్వాతే చేతిలో సుండల్, అదే సెనగ గుగ్గిళ్ళు, పెడతారు. నా గొంతు ఇప్పుడెలా ఉందో అప్పుడూ అంతే, రంపంతో కొయ్య కోసినట్టు. ఒక ఏడు నేను నోరు తెరవగానే ఇల్లంతా నవ్వింది. అందుకే మరుసటేడు రానంటే రానని మంచం కింద దూరాను.

పక్కింటి అక్క వచ్చి కాళ్ళు పట్టుకుని బయటికి లాగింది. టైపు నేర్చుకునే పిల్ల, దొరికిన కాగితమల్లా చదివేది. "పాడొద్దులేమ్మే. మా కొలువులో ఒక బొమ్మ ఉండాది. దానికి కాపలా ఉండు, చాలు," అంది.

పిల్లనగ్రోవి విరిగిన పాత కృష్ణుడి బొమ్మ అది. అక్క దానికి నల్లరంగు వేసి, కోటు తొడిగి, సైకిలు ట్యూబు ముక్కతో టోపీ, రెండు చొక్కా గుండీలతో కళ్ళజోడు పెట్టింది. పక్కన అగ్గిపెట్టె విమానం. నన్ను కూర్చోబెట్టుకుని ఆ బొమ్మ కథ చెప్పింది. అమెరికాలో పత్తి ఏరే ఇంటి నల్లపిల్లట. విమానం నడపాలని ఆశపడింది. నల్లదానివి, అందులోనూ ఆడదానివి, నేర్పేది లేదన్నారట అక్కడివాళ్ళు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఫ్రెంచి భాష నేర్చుకుని, ఓడెక్కి ఫ్రాన్సుకు పోయి, అక్కడ విమానం నడపడం నేర్చుకుని, తిరిగొచ్చి తన దేశం ఆకాశంలోనే చక్కర్లు కొట్టిందట.

సాయంత్రం పేరంటానికి ఎదురింటి అవ్వ వచ్చింది. ఆ బొమ్మకు కుంకుమ పెట్టి, చెంపలు వేసుకుని, "ఏందిమే ఇది, కాళమ్మకు కళ్ళజోడు? ఆయమ్మకు చూపానదా?" అంది. అందరూ నవ్వారు. అక్క కోసం చూస్తే, సరిగ్గా అప్పుడే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఉక్రోషం పొంగుకొచ్చింది. "కాళమ్మ కాదవ్వా! విమానం తోలే ఆమె!" అని అరిచాను. అంతే, కథంతా చెప్పేశాను. విమానం పైకి లేచే చోట నా బొంగురు గొంతే ఇంజనై గుర్రుమంది. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. అవ్వ నోరు తెరిచి వింది. "ఇంకోతూరి లేపవే దాన్ని," అంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు లేపానో! వచ్చిన సుండల్ నా ఒళ్ళో పట్టలేదు. వంటింటి గుమ్మంలో అక్క నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది. నన్ను కూర్చోబెట్టింది కాపలాకు కాదని అప్పుడు తెలిసింది.

మా ఆయన పోయాక నన్ను పేరంటానికి పిలిచే ఇళ్ళు తగ్గాయి. సరే పొండి అనుకుని మా ఇంట్లోనే కొలువు పెడుతున్నాను. అక్క పెళ్ళై వెళ్తూ ఇచ్చిన ఆ బొమ్మ కలశం పక్కనే ఉంటుంది. ఒక గుండీ ఊడిపోయింది, కుంకుమ మరక మాత్రం పోలేదు. నన్ను పిలవని ఇళ్ళ పిల్లలే పరుగెత్తుకొచ్చి, "అవ్వా, విమానం లేపు," అంటారు. లేపుతాను. గొంతు మాత్రం సవరించుకోను. ఇంజను అలాగే ఉండాలి.