నేలకు చూపించని తమ్ముడు

మొన్న మునిమనవణ్ణి డాక్టరుకు చూపిస్తే మందుల చీటీ మీద రాసిచ్చాడట: రోజూ ఒక గంట బయట ఆడించండి, ఎండ తగలాలి, మట్టి తగలాలి అని. నవ్వొచ్చింది. నవ్వడానికీ ఓపిక లేక ఊరుకున్నాను. మా ఇంట్లో ఈ ముక్క తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ మోసినదాన్ని నేను.

పందొమ్మిది వందల యాభైల్లో మాట. చోడవరం నుంచి రోలుగుంట పోయే దారిలో మాకు కొంచెం చెరకు, కొంచెం వరి ఉండేవి. నా వెనక పుట్టిన తమ్ముళ్ళిద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. మూడోవాడు పుట్టగానే ఊళ్ళో అందరూ చేసే పనే చేశారు. పెంటకుప్ప మీద పడుకోబెట్టారు, పొరుగింటామె ఎత్తుకుంది, అమ్మ చేటెడు తవుడిచ్చి ఆమె దగ్గర కొనుక్కుంది. పనికిరాని బిడ్డనుకుని చావు వదిలేస్తుందని నమ్మకం. అంతటితో ఆగినా బాగుండేది. నానమ్మ ఇంకో పీటముడి వేసింది.

"ఇద్దర్ని కప్పెట్టినాం. ఈ మట్టి మన పిల్లల రుసి మరిగిపోనాది. అయిదేళ్ళు నిండేదాకా ఈడి కాలు దానికి సూపించకండి."

అమ్మ చేలోకి పోవాలి. నాన్న గానుగ దగ్గర. నానమ్మకు మోకాళ్ళు పట్టేసి కూర్చుంటే లేవలేదు. ఇక మిగిలింది నా చంక. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

పొద్దున్న చద్దన్నం తిన్న దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా వాడు నా కుడి చంకలోనే. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడితే గీత తొక్కిందీ లేనిదీ చెప్పడానికి నన్ను నిలబెట్టేవారు. మూడేళ్ళు అంపైరుగానే ఉన్నాను. ఒక్క ఆటా ఆడలేదు. చెయ్యి తిమ్మిరెక్కి చంక మారిస్తే చాలు, అరుగు మీద నుంచి నానమ్మ కేక: "ఒసే గుంటా! దించేవంటే సంపేస్తాను!" వాడి మీద నాకు ప్రేమ ఉండేదా అంటే, ఉండేది. కోపమూ ఉండేది. ఒకటికి రెండింతలు కోపమే.

వాడికి మూడేళ్ళు వచ్చినా నిలబడలేడు. కాళ్ళు తోటకూర కాడల్లా వేలాడేవి. తిండి సయించదు, ఎప్పుడూ కునుకుపాటే. అమ్మ ఆ కాళ్ళకు నూనె రాసేది, అంతే. అత్తగారికి ఎదురు చెప్పే రోజులు కావవి. వీడు ఎన్నటికీ నడవడేమోనని నాకు భయం. నడవకపోతే జన్మంతా నేనే మొయ్యాలని అంతకన్నా భయం.

ఆ ఏడు చలికాలంలో గానుగ ఆడుతోంది. రసం పిండేసిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎండబెట్టి కుప్ప వేసేవారు. పిల్లలు గట్టెక్కి ఆ కుప్పలోకి దూకుతున్నారు. నా చెయ్యి ఇక నావల్ల కాదంది. పిప్పి మట్టి కాదు కదా అనుకున్నాను. వాణ్ణి అందులో కూర్చోబెట్టేశాను.

వాడు కిలకిలా నవ్వాడు. అంత పెద్దగా నవ్వగలడని నాకప్పటిదాకా తెలియదు.

ఇక రోజూ అదే పని. గానుగ దగ్గర నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వాడు ముందు పాకాడు. తరవాత ఎవరి చొక్కానో పట్టుకుని లేచాడు, మెత్తగా పడ్డాడు, మళ్ళీ లేచాడు. ఒంటికి ఎండ పట్టి నల్లబడ్డాడు. ఇంటికెళ్ళి అన్నం, అన్నం అని ఏడిచేవాడు. నానమ్మ మురిసిపోయి, తను కట్టిన తాయెత్తు మహిమ అనుకుంది.

ఒకరోజు ఎవడో వదిలిన బొంగరం కుప్ప దాటి పోయింది. వీడు దాని వెనకాలే దిగాడు. మట్టి మీద ఒక అడుగు, రెండు, నాలుగు. సరిగ్గా అప్పుడే నానమ్మ కర్ర ఊతంతో బెల్లం పాకం చూడటానికి వచ్చింది.

కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే, ఆ మోకాళ్ళతోనే నేల మీద చతికిలబడి, వాడి అడుగుల గుర్తులు అరచేత్తో చెరిపేస్తోంది. మట్టికి ఆనవాలు తెలియకూడదని. వాడు ముందుకు నడుస్తున్నాడు, ఆవిడ వెనక దేక్కుంటూ చెరుపుతోంది. ఆఖరికి రొప్పుతూ ఆగిపోయింది. "నానెక్కడ సెరపగల్నే... నడవనీ. ఆడి మొకం సూడు, ఎంత బాగున్నాదో," అని బావురుమంది.

ఆ సాయంత్రం ఖాళీ చంకతో తొక్కుడుబిళ్ళ బరిలో దిగాను. ఒంటికాలి మీద గెంతితే కుడిపక్కకు ఒరిగి పడిపోయాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత సంతోషమో! రోజూ ఆడాను, రోజూ ఓడిపోయాను.

మూడు నెలలు తిరక్కుండానే పెద్దమనిషినయ్యాను. ఇంట్లో ఓ మూల తాటాకుల చాప వేసి కూర్చోబెట్టారు. తమ్ముడు దుమ్ము కాళ్ళతో గడప దగ్గరికి వచ్చాడు.

"అప్పా, రాయే, ఆడుకుందాం."

"అప్ప ఇంక ఆడదు నాన్నా. నువ్వెళ్ళు," అంది అమ్మ.

వాడు వీధిలోకి పరుగెత్తాడు. ఆ పరుగు చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. సంతోషించాల్సిందే. మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాను.